కతర్‌గామ్ కూలి డబ్బు: ఫండ్‌లోనా, ఈటీఎఫ్‌లోనా?

కతర్‌గామ్‌లో జీతం రాళ్ల లెక్కన వస్తుంది. సూరత్‌లో తాపీ నదికి దగ్గరగా ఉన్న ఈ పేటలో కింద దుకాణం, పైన వజ్రాల కార్ఖానా ఉన్న మేడలు కోకొల్లలు. సానబల్లను ఇక్కడ ఘంటీ అంటారు. దాని చుట్టూ కూర్చున్నవాళ్లు తిరిగే ఇనప పళ్లెం మీద రాయిని ఆనిస్తారు, తీస్తారు, భూతద్దంలో చూస్తారు, మళ్లీ ఆనిస్తారు. ఎన్ని రాళ్లు తెమిలితే అంత కూలి. ప్రపంచంలో సానపట్టే వజ్రాల్లో, సంఖ్య లెక్కన, పదింట తొమ్మిది సూరత్ చేతుల మీదుగానే పోతాయని ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లు చెబుతారు. అమెరికాలోనో చైనాలోనో గిరాకీ పడిపోతే ఆ దెబ్బ నేరుగా ఘంటీ మీదే పడుతుంది. 2024 ఆగస్టులో కిరణ్ జెమ్స్ లాంటి పెద్ద కంపెనీయే తన 50 వేల మంది సిబ్బందికి పది రోజుల సెలవు ప్రకటించింది. దీపావళికి ఎలాగూ వారాల తరబడి పని ఉండదు.

నగరానికి మరో వైపున, లింబాయత్, ఉధనా పేటల్లో, మరమగ్గాల మీద ఇదే లెక్క మీటర్లలో నడుస్తుంది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి దశాబ్దాల కిందట వచ్చి స్థిరపడిన పద్మశాలీ కుటుంబాలు అక్కడ ఎక్కువ. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా బడులతోపాటు తెలుగు బడి కూడా నడుపుతోందంటే వాళ్ల సంఖ్య ఊహించుకోవచ్చు. సానబల్ల దగ్గర సౌరాష్ట్ర నుంచి వచ్చిన కాఠియావాడీ, మగ్గం దగ్గర తెలుగువాడు. ఇద్దరికీ ఒకటో తారీఖున ఇంత అని గ్యారంటీ లేదు. చాలామందికి పీఎఫ్ కూడా లేదు.

ఇలాంటి డబ్బు ఇన్నాళ్లూ ఎక్కడికి వెళ్లేది? చిట్టీకి, బంగారానికి, బ్యాంకు డిపాజిట్‌కి. ఉద్యోగులకు దీపావళి కానుకగా కార్లు పంచి వార్తల్లోకెక్కిన సూరత్ సంస్థ హరికృష్ణ ఎక్స్‌పోర్ట్స్ 2018లో ఆరు వందల మందికి కార్లిస్తే, తొమ్మిది వందల మంది దాకా ఫిక్స్‌డ్ డిపాజిట్లు తీసుకున్నారు. టీవీలు కార్లనే చూపించాయి. డిపాజిట్ కాగితం తీసుకుని ఇంటికి వెళ్లినవాళ్ల గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. 2017లో 'మ్యూచువల్ ఫండ్స్ సహీ హై' ప్రచారం మొదలైంది. తర్వాత ప్రతి ఫోన్‌లోకీ డీమ్యాట్, అంటే షేర్లను కాగితం లేకుండా దాచే ఖాతా, యాప్ వచ్చింది. ఇప్పుడు ఆ కాగితం పక్కన మరో రెండు పేర్లు చేరాయి: మ్యూచువల్ ఫండ్, షేరులా ఎక్స్‌ఛేంజీలో కొని అమ్మే ఈటీఎఫ్. ఈ రెంటిలో ఏది మేలని అడిగేవాళ్లలో చాలామంది రాబడి గురించే ఆలోచిస్తారు. అసలు తేడా అక్కడ లేదు.

నిఫ్టీనే తీసుకోండి. నేషనల్ స్టాక్ ఎక్స్‌ఛేంజీ (ఎన్‌ఎస్‌ఈ)లోని 50 పెద్ద కంపెనీల సూచీ అది. నిఫ్టీ ఇండెక్స్ ఫండ్ కొన్నా, నిఫ్టీ ఈటీఎఫ్ కొన్నా లోపల ఉండేవి అవే 50 షేర్లు, అవే పాళ్లలో. చట్టం దృష్టిలో ఈటీఎఫ్ కూడా మ్యూచువల్ ఫండ్ పథకమే. దానికీ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీయే కాపలా, దానికీ ట్రస్టీలుంటారు. మన దేశంలో మొదటి ఈటీఎఫ్ నిఫ్టీ బీస్‌ని బెంచ్‌మార్క్ అనే మ్యూచువల్ ఫండ్ సంస్థే తెచ్చింది. 2002 జనవరిలో అది ఎన్‌ఎస్‌ఈలో నమోదైంది. ఆ తర్వాత గోల్డ్‌మన్ శాక్స్, రిలయన్స్, నిప్పన్ అంటూ యాజమాన్యం మూడు సార్లు మారింది. యూనిట్లు మాత్రం అలాగే నడుస్తున్నాయి.

మరి తేడా ఎక్కడ? డబ్బు ఎవరికి ఇస్తున్నాం అన్నదాంట్లో. మ్యూచువల్ ఫండ్‌లో డబ్బు ఫండ్ సంస్థకే ఇస్తాం. మధ్యాహ్నం మూడు లోపు డబ్బు చేరితే ఆ రోజు మార్కెట్ ముగిశాక తేలిన ఎన్‌ఏవీ, అంటే ఒక్కో యూనిట్ వెనక ఉన్న ఆస్తి విలువ, ప్రకారం కొత్త యూనిట్లు పుట్టించి ఇస్తుంది. వెనక్కిచ్చినా అదే లెక్క. అక్కడ బేరం లేదు. ఈటీఎఫ్‌లో మనం కొనేది ఎక్స్‌ఛేంజీలో మరో మనిషి అమ్ముతున్న యూనిట్‌ని. ఫండ్ సంస్థ ఆ లావాదేవీలో ఉండదు. ఈటీఎఫ్ యూనిట్లను నేరుగా సంస్థ నుంచే కొనాలంటే, 2023 మే నుంచి మార్కెట్ మేకర్లు కాని మదుపరులు కనీసం 25 కోట్ల రూపాయలతో రావాలి. మిగతా జనమంతా సంతలో బేరమాడాల్సిందే.

ఆ సంత ఎలా ఉంటుందో ఫోన్ తెరిచి చూస్తే తెలుస్తుంది. ఒక ఈటీఎఫ్ పేరు నొక్కగానే కిందికి రెండు వరసలు కనిపిస్తాయి. ఎడమ పక్క కొనేవాళ్లు ఇస్తామంటున్న ధరలు, కుడి పక్క అమ్మేవాళ్లు అడుగుతున్న ధరలు. నిఫ్టీ బీస్ లాంటి వాటిలో రెంటికీ మధ్య తేడా పైసల్లో ఉంటుంది, ఇరువైపులా వేల యూనిట్లు నిలబడి ఉంటాయి. అదే ఎవరూ పట్టించుకోని ఏదో ఒక రంగం ఈటీఎఫ్ తెరిస్తే పరిస్థితి వేరు. యూనిట్ అసలు విలువ వంద రూపాయలనుకుందాం. కొనేవాడు 99 దగ్గర, అమ్మేవాడు 101.50 దగ్గర, చెరో వంద యూనిట్లతో కూర్చుని ఉండొచ్చు. అక్కడ 'మార్కెట్ ఆర్డర్' అని నొక్కిన మనిషి 101.50కి కొంటాడు. మరు నిమిషం మనసు మారి అమ్మితే 99 చేతికొస్తుంది. సూచీ ఒక్క పాయింటు కదలకుండానే వందకు రెండున్నర పోయింది. ధరను మనమే నిర్ణయించే 'లిమిట్ ఆర్డర్' పెట్టడం, కొనేముందు ఫండ్ సంస్థ వెబ్‌సైట్‌లో ఎప్పటికప్పుడు మారుతూ కనిపించే ఐఎన్‌ఏవీ, అంటే ఆ క్షణాన యూనిట్ విలువ, చూసుకోవడం తప్పనిసరి. ఈ రెండూ అలవాటు లేనివాళ్లకు ఈటీఎఫ్ చౌకైన సరుకేమీ కాదు.

విలువ వేరు, ధర వేరు అన్న సంగతి 2025 అక్టోబరులో వెండి కళ్లకు కట్టినట్టు చూపించింది. ధనత్రయోదశి దగ్గర పడుతోంది. వెండి రేటు రోజుకో మెట్టు ఎక్కుతోంది. దేశంలో సరుకు కొరత. వెండి ఈటీఎఫ్‌ల ఎన్‌ఏవీని అప్పట్లో లెక్కగట్టింది లండన్ ధర ఆధారంగా. ఇక్కడి బజారులో మాత్రం దానికి మించి పెడితే తప్ప వెండి దొరకని స్థితి. కొత్త యూనిట్లు పుట్టాలంటే అసలు లోహం కావాలి. అది దొరకనప్పుడు ఉన్న యూనిట్ల కోసమే జనం ఎగబడ్డారు. కొన్ని వెండి ఈటీఎఫ్‌లు ఒక దశలో తమ విలువ కంటే 10 శాతానికి పైగా ఎక్కువ ధర పలికాయి. అంటే వంద రూపాయల వెండికి నూటపది పెట్టి కొన్నారన్నమాట, అదీ పండగ సంబరంలో.

అప్పుడు కోటక్, ఎస్‌బీఐ, యూటీఐ మ్యూచువల్ ఫండ్లు ఏం చేశాయి? తమ వెండి ఈటీఎఫ్‌లలో డబ్బు పెట్టే 'ఫండ్ ఆఫ్ ఫండ్' పథకాల్లో ఒకేసారి పెద్ద మొత్తం వేయడాన్ని ఆపేశాయి. ఆ డబ్బుతో ఫండ్ కూడా ఎక్కువ ధరకే కొనాల్సి వస్తుంది, నష్టం పాత మదుపరులకు కూడా తగులుతుంది అని. ఫండ్ తలుపు మూయగలదు. ఎక్స్‌ఛేంజీలో తలుపు మూసేవాడు లేడు, కొనుగోళ్లు సాగుతూనే ఉన్నాయి. పండగ దాటి కొరత సడలగానే ఆ అదనపు పది శాతం ఆవిరైంది.

అలాగని మ్యూచువల్ ఫండ్‌లో విలువకూ ధరకూ ఎన్నడూ ఎడం రాలేదనుకుంటే చరిత్ర ఒప్పుకోదు. 1964 జూలైలో పుట్టిన యూటీఐ వారి యూఎస్-64 మన మధ్యతరగతికి తెలిసిన మొట్టమొదటి ఫండ్. దానికి ఎన్‌ఏవీ ప్రకటించే అలవాటే ఉండేది కాదు. సంస్థ చెప్పిందే ధర. ఆ ధర లోపలి ఆస్తుల విలువను మించిపోయిన సంగతి చివరికి బయటపడింది. 2001 జూలైలో ఆరు నెలలపాటు యూనిట్లు వెనక్కి తీసుకోవడం ఆపేస్తున్నామని యూటీఐ ప్రకటించింది. పింఛను డబ్బు పెట్టుకున్న లక్షల కుటుంబాలు లబోదిబోమన్నాయి. ఇవాళ ప్రతి ఫండ్ ప్రతి రోజూ ఎన్‌ఏవీ చెప్పక తప్పదు. అయినా తలుపు మూయగల శక్తి రెండు వైపులా కోసే కత్తే. 2020 ఏప్రిల్ 23న ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ ఆరు డెట్ పథకాలను మూసేస్తున్నట్టు ప్రకటించినప్పుడు అందులోని మదుపరులు నెలల తరబడి ఎదురుచూడాల్సి వచ్చింది. డబ్బు విడతలుగా వచ్చింది గానీ, అవసరమైన రోజున రాలేదు.

ఇక ఖర్చు సంగతి. ఈటీఎఫ్ పక్షాన వాదించేవాళ్లు ముందు చెప్పేది ఇదే, అందులో నిజం ఉంది. పెద్ద నిఫ్టీ ఈటీఎఫ్‌లు ఏడాదికి వందకు ఐదు పైసల చుట్టుపక్కల తీసుకుంటాయి. ఏజెంటు లేకుండా కొనే నిఫ్టీ ఇండెక్స్ ఫండ్ డైరెక్ట్ ప్లాన్‌లో అది పది, ఇరవై పైసలు ఉంటుంది. మేనేజరు షేర్లు ఏరే ఫండ్‌ని ఏజెంటు ద్వారా కొంటే రూపాయిన్నర, ఒక్కోసారి రెండు రూపాయల దాకా పోతుంది. రూపాయే కదా అనిపిస్తుంది. లక్ష రూపాయలు ఏటా 10 శాతం చొప్పున 20 ఏళ్లు పెరిగితే 6 లక్షల 72 వేలు అవుతుంది. అందులో ఏటా ఒక్క శాతం ఖర్చు కింద పోయి 9 శాతమే మిగిలితే 5 లక్షల 60 వేలు. ఆ తేడా, లక్షా 12 వేలు, మొదట పెట్టిన అసలు కంటే ఎక్కువ. ఇంత తీసుకుని సూచీని మించిన రాబడి ఇస్తే సరే. పెద్ద కంపెనీల షేర్లు ఏరే ఫండ్లలో ఎక్కువ భాగం దీర్ఘకాలంలో సూచీ కంటే వెనకబడే ఉంటున్నాయని ఎస్ అండ్ పీ ఏటేటా ఇచ్చే స్పైవా నివేదికలు చెబుతున్నాయి.

కాబట్టి అసలు పోటీ ఖరీదైన ఫండ్‌కీ చౌకైన సూచీకీ మధ్య. ఐదు పైసలకూ ఇరవై పైసలకూ మధ్య పోటీ చిన్నది. లక్ష మీద ఏడాదికి అది నూట యాభై రూపాయలు. కతర్‌గామ్‌లో నెలకు వెయ్యి దాచే మనిషికి అది కూడా తారుమారు కావచ్చు. కొందరు బ్రోకర్లు ప్రతి కొనుగోలుకీ 20 రూపాయలు తీసుకుంటారు. వెయ్యి మీద 20 అంటే 2 శాతం, మొదటి రోజే. ఏమీ తీసుకోని బ్రోకర్లూ ఉన్నారు. వాళ్ల దగ్గర కూడా అమ్మేటప్పుడు డీమ్యాట్ ఖాతా మీద డీపీ చార్జీ పడుతుంది, కొన్ని చోట్ల డీమ్యాట్ ఖాతాకి ఏటా రుసుము ఉంటుంది. మ్యూచువల్ ఫండ్‌లో వెయ్యి వేస్తే స్టాంపు డ్యూటీ ఐదు పైసలు పోగా 999.95 రూపాయలకు మూడు దశాంశాల దాకా లెక్కగట్టి యూనిట్లు ఇస్తారు. ఈటీఎఫ్‌లో ముక్కలు కొనలేం. యూనిట్ 280 రూపాయలుంటే మూడు కొని, 160 ఖాతాలో ఖాళీగా ఉంచుకోవాలి.

సూచీని నమ్ముకోవడం అంటే ఏమిటో తెలుగువాళ్లకు సత్యం కంప్యూటర్స్ నేర్పింది. 2009 జనవరి 7న, లెక్కల్లో మోసాన్ని ఒప్పుకుంటూ కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ బయటికొచ్చిన రోజు సత్యం షేరు 179 రూపాయల నుంచి 40 దగ్గరికి పడింది. ఆ ఒక్క షేరునే నమ్ముకున్న హైదరాబాదు కుటుంబాలు ఎన్నో. నిఫ్టీ ఫండ్‌లో ఉన్నవాళ్లకూ ఆ రోజు దెబ్బ తగిలింది, కానీ సత్యం వాళ్ల సంచిలో యాభైలో ఒకటి మాత్రమే. జనవరి 12కల్లా నిఫ్టీ నుంచి దాన్ని తీసేశారు. ఈ తీసేయడం అన్ని వేళలా తప్పు చేసినవాళ్ల మీదే జరగదు. 2024 సెప్టెంబరు 30న హైదరాబాదు కంపెనీ దివీస్, ఎల్‌టీఐ మైండ్‌ట్రీ నిఫ్టీలోంచి వెళ్లి, ట్రెంట్, భారత్ ఎలక్ట్రానిక్స్ వచ్చాయి. సూచీలో చోటుకు ఒక లెక్క ఉంది, దానికి ఊరి అభిమానం తెలియదు. ఇది ఫండ్‌కీ ఈటీఎఫ్‌కీ సమానమే.

సమానం కానిది యూనిట్లను ఎక్కడ దాస్తారన్నది. మ్యూచువల్ ఫండ్ యూనిట్లకు డీమ్యాట్ అక్కర్లేదు. ఫండ్ సంస్థ తరఫున రిజిస్ట్రార్ దగ్గర ఫోలియో కింద నమోదవుతాయి. చెన్నైకి చెందిన క్యామ్స్, హైదరాబాదుకు చెందిన కేఫిన్ టెక్నాలజీస్ ఈ పని చేసే పెద్ద సంస్థలు. ఈటీఎఫ్‌కి మాత్రం బ్రోకరు, డీమ్యాట్ ఉండాల్సిందే. బ్రోకరు దారి తప్పితే ఏమవుతుందో కూడా హైదరాబాదే చూపించింది. 2019 నవంబరు 22న కార్వీ స్టాక్ బ్రోకింగ్ మీద సెబీ ఆంక్షలు పెట్టింది. ఖాతాదారులు ఇచ్చిన పవర్ ఆఫ్ అటార్నీని వాడుకుని వాళ్ల షేర్లను బ్యాంకుల దగ్గర తాకట్టు పెట్టిందన్నది అభియోగం. పది రోజుల్లో దాదాపు 83 వేల మంది షేర్లు తిరిగి వాళ్ల ఖాతాల్లోకి వచ్చాయి. 2020 సెప్టెంబరు నుంచి తాకట్టు పద్ధతే మార్చేశారు. అప్పటి కంటే ఇప్పుడు తాళం గట్టిదే. అయినా ఈటీఎఫ్ కొనేవాడు బ్రోకరు ఎవరన్నది కూడా చూసుకోవాలి, ఫండ్ కొనేవాడికి ఆ పని లేదు.

బ్రోకరు యాప్‌తో మరో చిక్కుంది. కాగితం మీద కనిపించదు గానీ సూరత్ లాంటి ఊళ్లో ఇదే పెద్దది. ఈటీఎఫ్ కొనే తెర మీదే, బొటనవేలు దూరంలో, ధరల కదలిక మీద పందెంలాంటి ఆప్షన్ల బటన్ ఉంటుంది. 2022 నుంచి 2024 దాకా మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్లలో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని, అందరి నష్టం కలిపి లక్షా 80 వేల కోట్లు దాటిందని 2024 సెప్టెంబరులో సెబీయే లెక్క తేల్చింది. రోజంతా ధర కదలడం కనిపించే చోట చేయి ఊరికే ఉండదు. 2020లో నిఫ్టీ జనవరిలో 12,300 పైన ఉండి మార్చి 23కి 7,610కి పడింది. ఆ వారాల్లో ఫోన్ తెరవనివాడే బాగుపడ్డాడు. రోజుకు ఒక్కసారే ధర చెప్పే మ్యూచువల్ ఫండ్‌లో ఉన్న ఆ మందకొడితనాన్ని జనం లోపంగా చూస్తారు. కూలి డబ్బుకి అదే కాపలా.

వింతేమిటంటే, ఈటీఎఫ్‌లలో మన దేశంలో అతి పెద్ద మదుపరి యాప్ తెరిచి చూసే మనిషి కాదు, ఉద్యోగుల పీఎఫ్ సంస్థ ఈపీఎఫ్‌ఓ. 2015 ఆగస్టులో కొత్తగా జమయ్యే సొమ్ములో 5 శాతంతో మొదలుపెట్టి తర్వాత 15 శాతానికి పెంచింది. కోట్లలో కొనేవాళ్లకు ఐదు పైసల ఖర్చు, ఎక్స్‌ఛేంజీ సదుపాయం రెండూ కలిసొస్తాయి. సిరిసిల్లలోనో విశాఖలోనో పీఎఫ్ కోత పడే ఉద్యోగి తనకు తెలియకుండానే నిఫ్టీ ఈటీఎఫ్ యజమాని. పీఎఫ్ లేని సానకూలీకి ఆ పని చేసిపెట్టేవాడు లేడు. తానే సిప్, అంటే ఫండ్‌లో విడతలవారీగా కొంత కొంత వేసే పద్ధతి, రూపంలో చేసుకోవాలి.

సిప్‌లో కూలి మనిషికి నచ్చే గుణం, భయపెట్టే గుణం రెండూ ఒకటే: తారీఖు రాగానే డబ్బు దానంతటదే కట్ అవుతుంది. ఖాతాలో లేకపోతే ఫండ్ సంస్థ జరిమానా వేయదు గానీ, బ్యాంకు వేస్తుంది. వరసగా మూడు నెలలు తప్పితే సిప్ రద్దవుతుంది. అందుకే రాళ్ల లెక్కన జీతం తీసుకునేవాళ్లు బాగా వచ్చే నెలను చూసి కాకుండా, కార్ఖానా సగమే నడిచిన నెలను చూసి సిప్ మొత్తం ఖాయం చేసుకోవాలి. సెలవులకు ముందే 'పాజ్' పెట్టే వీలుంది. దీపావళి బోనస్‌ని అదే ఫోలియోలో విడిగా వేసుకోవచ్చు. 2025 ఫిబ్రవరిలో ఎస్‌బీఐ మ్యూచువల్ ఫండ్ 250 రూపాయలతో జన్ నివేశ్ సిప్ తెచ్చింది. రోజుకో, వారానికో, నెలకో కట్టుకోవచ్చు. అది సూచీ ఫండ్ కాదు, షేర్లూ డెట్ కలిసిన పథకం. ఖర్చు ఎక్కువే. మొదటి అడుగుకి పనికొస్తుంది, జీవితాంతం అక్కడే ఉండనక్కర్లేదు.

ఇదంతా చదివితే ఈటీఎఫ్ ఎవరికీ వద్దన్నట్టు అనిపించవచ్చు. ఒక చోట దానిదే పైచేయి, అది బంగారం. 2007 మార్చిలో గోల్డ్ బీస్ వచ్చింది మొదలు బంగారం ఈటీఎఫ్‌లలో కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ బాగానే ఉంటున్నారు. తరుగు, మజూరీ, లాకరు బెడద లేదు. షేర్ల విషయంలో ఫండ్‌కీ ఈటీఎఫ్‌కీ పన్ను ఒకటే: ఏడాది దాటితే లక్షా 25 వేలకు పైబడిన లాభం మీద 12.5 శాతం, ఏడాది లోపు అమ్మితే 20 శాతం. బంగారంలో అలా కాదు. గోల్డ్ ఈటీఎఫ్‌ని 12 నెలలు దాటాక అమ్మితే లాభం మీద 12.5 శాతమే. అదే బంగారంలో పెట్టే ఫండ్ ఆఫ్ ఫండ్‌లో ఆ రేటు రావాలంటే 24 నెలలు ఆగాలి. అంతకు ముందే అమ్మితే లాభం మామూలు ఆదాయంలో కలిసి శ్లాబు ప్రకారం పన్ను పడుతుంది. ఈ ధనత్రయోదశికి కొని, ఏడాది దాటాక వచ్చే మాఘమాసంలో కూతురి పెళ్లికి అమ్మాలనుకునే కుటుంబానికి, శ్లాబు 20 శాతమో 30 శాతమో అయితే, ఈ తేడా వేలల్లో తేలుతుంది.